ఇంటి చెత్త నుంచి డాబా తోటకి: విశాఖ గాలికి సరిపడే పద్ధతి

విశాఖలో డాబా మీద నాలుగు కుండీలు పెట్టుకున్నవాళ్లకి ఎప్పుడో ఒకప్పుడు ఈ ఆలోచన వస్తుంది. వంటింట్లో రోజూ ఇన్ని తొక్కలు పారేస్తున్నాం, మళ్లీ నర్సరీకి వెళ్లి ఎరువు బస్తాలు మోసుకొస్తున్నాం, ఎందుకిలా అని. వెంటనే ఆ తొక్కల్నే ఎరువు చేద్దామని ఒక బకెట్ మొదలుపెడతారు. రెండు వారాలు తిరక్కుండానే వాసన, పురుగులు, ఇంట్లోవాళ్లతో గొడవ. బకెట్ చెత్త బండి ఎక్కుతుంది.

దీనికి చాలాసార్లు కారణం తేమే. అనంతపురం వైపు పొడి గాలిలో కంపోస్ట్ (చెత్త చివికి తయారయ్యే ఎరువు) చేసేవాళ్లు ఎండిపోతోందని నీళ్లు చల్లుతుంటారు. ఇక్కడ సముద్రపు గాలి వల్ల ఏడాదిలో ఎక్కువ నెలలు బకెట్లో నీరు దానంతటదే ఆరదు. ఏప్రిల్, మే తప్పిస్తే నీళ్లు చల్లే పని దాదాపు రాదు. అందుకే మన ఊరికి రెండు నియమాలు పెట్టుకుంటే చాలు. తడి చెత్త ఎంత వేస్తే దానికి రెట్టింపు పొడి ఆకు వేయాలి. పచ్చి చెత్తని నేరుగా కుండీలో వేయకూడదు, ముందు బకెట్లో చివకనివ్వాలి. కింద చెప్పేదంతా ఈ రెండింటి చుట్టూ తిరిగేదే.

మొదటి అడుగు: బకెట్ కాదు, ఎండుటాకులు

చాలామంది ముందు బకెట్ కొంటారు. ముందు కావాల్సింది ఎండుటాకుల బస్తా. మన కాలనీల్లో బాదం, కానుగ, వేప, రావి చెట్లకి కొదవ లేదు. సంక్రాంతి వెళ్లిన దగ్గర్నుంచి ఉగాది దాకా ఆకు బాగా రాలుతుంది. వీధి ఊడ్చేవాళ్లని అడిగితే కుప్ప చేసిన ఆకులు సంతోషంగా ఇస్తారు, వాళ్లకి మోత తప్పుతుంది. ఆ రోజుల్లో నాలుగైదు బియ్యం సంచుల నిండా కూరి, వాన తగలని చోట పెట్టుకోండి. జూన్ నుంచి నవంబరు దాకా మనకి పొడి ఆకు దొరకడం కష్టం. ఆ నెలల్లో బకెట్ పాడైపోకుండా కాపాడేవి ఈ సంచులే.

అన్ని ఆకులూ ఒకేలా చివకవు. వేప, కానుగ త్వరగా మాగుతాయి. బాదం ఆకు పెద్దది, తడిస్తే ఒకదానికొకటి అతుక్కుని అట్టలా అయిపోతుంది, ఆ పొరల మధ్య గాలి ఆడదు. దాన్ని చేత్తో నలిపి ముక్కలు చేశాకే వేయాలి. మామిడాకు మందం, దానికి ఇంకాస్త సమయం పడుతుంది. బీచ్ వైపు విరివిగా దొరికే సరుగుడు ఆకు చాలా నెమ్మదిగా చివుకుతుంది. దాన్ని కంపోస్ట్‌లో కన్నా కుండీల పైన మల్చింగ్‌గా, అంటే మట్టిని కప్పే పొరగా, పరచడానికి వాడండి.

ఆకులు అయిపోతే అట్టపెట్టెలు ఉన్నాయి. టేపు, స్టిక్కర్లు పీకేసి చిన్న ముక్కలు చేయండి. న్యూస్‌పేపరు, గుడ్ల అట్టలు, కొబ్బరి పీచు కూడా పనికొస్తాయి. రంపపు పొట్టు వాడేటట్లయితే మామూలు కలపదే తీసుకోండి. ప్లైవుడ్ కోసిన పొట్టులో జిగురు ఉంటుంది, అది వద్దు. నున్నగా మెరిసే రంగుల కాగితం కూడా పక్కన పెట్టేయండి.

ఒక మాట గట్టిగా చెప్పాలి. రాలిన ఆకుల్ని వీధి చివర తగలబెట్టడం ఇప్పటికీ చాలా చోట్ల కనిపిస్తోంది. ఆ పొగ పిల్లలకీ పెద్దవాళ్లకీ ఎంత హానో అందరికీ తెలుసు. పైగా అది మంచి ఎరువుని కాల్చేయడమే. మీ వీధిలో అలా జరుగుతుంటే ఒక సంచి పట్టుకెళ్లి ఆకులు అడిగి తెచ్చుకోండి.

రెండో అడుగు: బకెట్ సిద్ధం చేయడం

20 లీటర్ల పెయింట్ బకెట్లు రెండు లేదా మూడు ఉంటే నలుగురున్న ఇంటికి మొదలుపెట్టడానికి సరిపోతాయి. ఇంటి గోడలకి వేసే నీటి పెయింట్ బకెట్లే తీసుకుని శుభ్రంగా కడగండి. ఎనామిల్, థిన్నరు, పురుగుమందు డబ్బాలు ఎంత కడిగినా వద్దు. అడుగున పదీ పన్నెండు, చుట్టూ మూడు వరసల్లో పెన్సిల్ పట్టేంత రంధ్రాలు పెట్టించండి. బయటి నుంచి పాత దోమతెర గుడ్డ చుట్టి తాడు కడితే గాలి ఆడుతుంది, ఈగలు దూరవు. బకెట్‌ని రెండు ఇటుకల మీద ఎత్తి, కింద ఒక పళ్లెం పెట్టండి.

చోటు ముఖ్యం. వాన జల్లు పడకూడదు, మధ్యాహ్నం ఎండ నేరుగా తగలకూడదు. మెట్ల గది పక్కన, వాటర్ ట్యాంకు కింద నీడ చాలా ఇళ్లలో ఖాళీగానే ఉంటుంది. మట్టితో చేసిన అంతస్తుల కుండలు కొనుక్కున్నా మంచిదే, మట్టి తేమని కొంత పీల్చుకుంటుంది కాబట్టి. కాకపోతే పని తెలిసేదాకా డబ్బు పెట్టకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

మూడో అడుగు: రోజూ వేయడం

అడుగున మూడు నాలుగు అంగుళాలు కొబ్బరి పీచు, దాని మీద నలిపిన ఎండుటాకు పరచండి. ఇది తడిని పీలుస్తుంది. దాని మీద గుప్పెడు పాత కంపోస్ట్ గానీ, బాగా మాగిన గత్తం (పశువుల ఎరువు) గానీ, అదీ లేకపోతే కాస్త పుల్ల మజ్జిగ గానీ చల్లితే సూక్ష్మజీవులు త్వరగా పని మొదలుపెడతాయి.

ఇక రోజూ రాత్రి వంట అయ్యాక ఆనాటి తరుగు వేయండి. తొక్కలు ఎంత చిన్నవైతే అంత త్వరగా చివుకుతాయి. ఆనపకాయ తొక్క, అరటి తొక్క, ఆకుకూరల కాడలు కత్తితో రెండుసార్లు తెగ్గొడితే చాలు. ఒక గిన్నెడు తరుగు వేస్తే రెండు గిన్నెల నలిపిన ఆకు పైన కప్పాలి. తడి చెత్త కంటికి కనిపించకూడదు, అదే కొలత. కనిపించే చోటే ఈగ వాలి గుడ్లు పెడుతుంది.

ఏవి వేయొచ్చు అంటే, కూరగాయల తరుగు, పండ్ల తొక్కలు, వడగట్టిన టీ, కాఫీ పొడి, పొడి చేసిన గుడ్డు పెంకులు, వాడిపోయిన పూలు, పీచు, గోళ్లంత ముక్కలు చేసిన అట్ట. పాలు, పంచదార వేసి మరిగించిన టీ పొడిని ఒకసారి నీళ్లలో కడిగి వేయండి, లేకపోతే చీమలు పడతాయి. నిమ్మ, బత్తాయి తొక్కలు కొద్దికొద్దిగా వేస్తే నష్టం లేదు. జ్యూస్ షాపు నుంచి బస్తాడు తెచ్చి వేస్తే మాత్రం పులుపు పెరిగి పని మందగిస్తుంది. మాంసం, చేపలు, నూనె కూరలు, పచ్చళ్లు ఇందులో వేయొద్దు. పచ్చడిలో ఉప్పు మొక్కకి శత్రువు, మాంసం వాసనకి ఎలుకలు వస్తాయి. మిగిలిన అన్నం ఒక పిడికెడు అయితే ఆకులో బాగా కలిపి వేయొచ్చు, అంతకి మించి వద్దు. కుక్క, పిల్లి మలం అసలు వేయకూడదు, వాటితో మనుషులకి సోకే పురుగులు ఉంటాయి. మామిడి టెంకలు, కొబ్బరి చిప్పలు వేసినా నెలల తరబడి అలాగే ఉంటాయి.

మూడు నాలుగు రోజులకి ఒకసారి కర్రతో అడుగు నుంచి పైకి తిరగవేయండి. అప్పుడే తేమ పరీక్ష కూడా చేసేయాలి. మధ్యలోంచి ఒక పిడికెడు తీసి గట్టిగా పిండండి. వేళ్ల సందుల్లో తడి మెరిసి, ఒకటి రెండు బొట్లు మాత్రమే రాలితే సరిగ్గా ఉన్నట్టు. ధారగా కారితే తడి ఎక్కువైంది, వెంటనే ఆకు గానీ అట్ట ముక్కలు గానీ కలిపి ఆ రోజు మూత కాస్త తెరిచి ఉంచండి. పిడికిలి విప్పగానే ముద్ద పొడిపొడిగా విడిపోతే కాసిని నీళ్లు చిలకరించండి. ఈ ఒక్క పరీక్ష చేతికి అలవాటైతే మిగతా పని దానంతటదే నడుస్తుంది.

వాసన, పురుగులు: టెన్షన్ పడాల్సినవీ అక్కర్లేనివీ

కుళ్లిన గుడ్డు వాసన వస్తే లోపల గాలి ఆడట్లేదని అర్థం. తిరగవేసి పొడి ఆకు కలపండి. ముక్కుకి ఘాటుగా, మూత్రం వాసనలా వస్తే తడి చెత్త మోతాదు ఎక్కువైంది, నత్రజని అమ్మోనియాగా గాల్లోకి పోతోంది. దీనికీ మందు ఎండుటాకే.

తెల్లటి బూజు కనిపిస్తే మంచిదే, ఆకుని విరగ్గొట్టేది అదే. బలిసిన బూడిద రంగు పురుగులు కనిపిస్తే చాలామంది భయపడి బకెట్ పారబోస్తారు. అవి ఎక్కువగా బ్లాక్ సోల్జర్ ఫ్లై పిల్లలు. మొక్కల్ని తినవు, మనల్ని కుట్టవు, చెత్తని చాలా వేగంగా తినేస్తాయి. ఆ ఈగ పెద్దదయ్యాక మన వంటింటి ఈగలా తిండి మీద వాలదు. చూడటం ఇష్టం లేకపోతే ఎండుటాకు మందంగా కప్పండి, తగ్గిపోతాయి. చీమలు బారులు కడితే బకెట్ బాగా ఎండిపోయిందన్న మాట.

కింద పళ్లెంలో చేరే నల్లటి ద్రవాన్ని ఒకటికి పది పాళ్లు నీళ్లు కలిపి పెద్ద చెట్ల మొదట్లో పోయండి. అది ఇంకా పూర్తిగా మాగనిది. పచ్చిగా తినే పుదీనా, కొత్తిమీర మీద పోయకండి.

నాలుగో అడుగు: మాగిందో లేదో చూడటం

బకెట్ నిండాక దాన్ని పక్కన పెట్టి రెండోది మొదలుపెట్టండి. నిండినది వారానికి ఒకసారి తిరగవేస్తూ ఉంటే రెండు మూడు నెలల్లో నల్లగా, పొడిపొడిగా, తొలకరి వాన పడ్డ మట్టి వాసనతో తయారవుతుంది. తొక్క ఏదో ఆకు ఏదో గుర్తుపట్టలేకపోవాలి, ముట్టుకుంటే వెచ్చగా ఉండకూడదు. అనుమానం ఉంటే కాస్త తడిపి ఒక కవర్లో కట్టి మూడు రోజులు ఉంచి విప్పండి. దుర్వాసన వస్తే ఇంకా సమయం కావాలి. ఒక చిన్న డబ్బాలో ఆ కంపోస్ట్ నింపి గుప్పెడు మెంతులు చల్లి చూసినా తెలిసిపోతుంది. పచ్చిగా ఉంటే గింజలు సరిగా మొలవవు, మొలిచినా వేళ్లు కందిపోతాయి.

ఇసుక జల్లెడతో జల్లించి, మిగిలిన పీచూ పెంకులూ తర్వాతి బకెట్లో వేయండి. తోడు పెట్టడానికి అదే మంచిది.

ఐదో అడుగు: కుండీకి ఎంత, ఎలా

కొత్త కుండీ నింపేటప్పుడు ఎర్రమట్టి రెండు పాళ్లు, కంపోస్ట్ ఒక పాలు, కడిగిన కొబ్బరి పొట్టు ఒక పాలు, పైన గుప్పెడు వేపపిండి. కంపోస్ట్ మంచిదే కదా అని సగానికి పైగా వేస్తే, నెల తిరిగేసరికి కుండీలో మట్టి కిందికి దిగిపోతుంది, వానల్లో నీరు పట్టేసి వేళ్లు కుళ్లుతాయి. కొబ్బరి పొట్టులో ఉప్పు ఉంటుంది కాబట్టి నానబెట్టి రెండు మూడుసార్లు నీళ్లు మార్చాలి.

ఎర్రమట్టి నర్సరీలో గానీ, ఇల్లు కడుతున్న చోట పునాది తవ్వినప్పుడు గానీ దొరుకుతుంది. భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బల నుంచి ఎవరూ పిడికెడు మట్టి కూడా తేకూడదు. అవి రక్షణలో ఉన్న భూవారసత్వ స్థలం, అంటే భూమి చరిత్ర తెలిపే చోటు. బీచ్ ఇసుక కూడా వద్దు, అందులోని ఉప్పు మొక్కల్ని మాడ్చేస్తుంది.

కాస్తున్న మొక్కకి నెలకి ఒకసారి రెండు గుప్పిళ్లు చాలు. కాండానికి నాలుగు వేళ్ల దూరంలో మట్టి పైపొర గుల్ల చేసి, కంపోస్ట్ కలిపి, ఎండుటాకు కప్పి నీళ్లు పెట్టండి. ఎండలో పైన అలా వదిలేస్తే ఎండిపోయి సగం బలం వృథా అవుతుంది.

ఫోన్లో తిరిగే చిట్కాల సంగతి

అరటి తొక్క నానబెట్టిన నీళ్లు పోస్తే పూలే పూలు అంటారు. తొక్కలో పొటాష్ ఉన్న మాట నిజం. కానీ నీళ్లలోకి వచ్చేది కొంతే, మిగతాది తొక్క చివికితేనే అందుతుంది. ఆ నీళ్లు కుండీలో పోస్తే చిన్న ఈగలు వస్తాయి. తొక్కని బకెట్లో వేయండి.

గుడ్డు పెంకు దాదాపు అంతా కాల్షియం కార్బొనేటే. పెంకుల్ని చేత్తో చిదిమి కుండీ మీద చల్లితే ఏళ్లు గడిచినా అలాగే కనిపిస్తాయి. కడిగి, ఎండబెట్టి, మిక్సీలో పిండిలా చేసి కంపోస్ట్‌లో కలిపితేనే ఉపయోగం. టమాటా అడుగున నల్లమచ్చ పడగానే పెంకులు వేయమంటారు. ఆ మచ్చ కాయకి కాల్షియం చేరకపోవడం వల్ల వచ్చే మాట నిజమే, కానీ చాలాసార్లు మట్టిలో కాల్షియం ఉన్నా, ఒకరోజు ఎండగట్టి ఒకరోజు ముంచెత్తడం వల్ల మొక్క దాన్ని కాయ దాకా తీసుకెళ్లలేకపోతుంది. ముందు నీళ్లు పెట్టే పద్ధతి సరిచేయండి.

బియ్యం కడిగిన నీళ్లు మంచివే, కానీ అదే రోజు పోసేయాలి. వాటిలో పిండి ఉంటుంది, నిలవుంటే పులుస్తుంది. రోజూ ఒకే కుండీకి కాకుండా మార్చి మార్చి పోయండి.

కట్టెల బూడిద నెలకి ఒక చెంచాడు మించొద్దు, అది మట్టిలో క్షారం పెంచుతుంది. బొగ్గుల బూడిద, అగరువత్తుల బూడిద తోటకి వద్దు.

చేపల వ్యర్థం

విశాఖ ఇంట్లో ఆదివారం చేపలు కోశాక తలలు, పొట్ట భాగం, పొలుసులు మిగులుతాయి. వీటిని పారేయడం నాకు మనసొప్పదు, నత్రజని, భాస్వరం రెండూ పుష్కలంగా ఉన్న పదార్థం అది. పెరడు ఉంటే పని తేలిక. కొబ్బరి, మునగ, మామిడి చెట్టు మొదలుకి రెండు మూడు అడుగుల దూరంలో అడుగున్నర లోతు గొయ్యి తీసి పాతిపెట్టి, పైన మట్టి తొక్కి ఒక బండ పెట్టండి. బండ లేకపోతే ఆ రాత్రే కుక్కలు తవ్వేస్తాయి. రొయ్య పొట్టు కూడా ఇలాగే. కుండీల్లో మాత్రం చేప ముక్క పాతకండి, అంత తక్కువ మట్టిలో వాసన ఆగదు.

డాబా మీద కుండీలే ఉన్నవాళ్లు బెల్లంతో ద్రావణం చేసుకోవచ్చు. చేప వ్యర్థం ఒక కిలో ఉంటే తరిగిన నల్లబెల్లం ఒక కిలో. మనకి పక్కనే అనకాపల్లి బెల్లం మార్కెట్ ఉంది, వంటకి పనికిరాని ముదురు రంగు బెల్లం దీనికి చాలు. వ్యర్థాన్ని మంచినీళ్లతో కడిగి, నీరు ఓడ్చి, ప్లాస్టిక్ డబ్బాలో బెల్లంతో కలపండి. నీళ్లు కలపొద్దు. డబ్బాలో మూడో వంతు ఖాళీ ఉంచి, మూత పెట్టి నీడలో పెట్టండి. మొదటి వారం రోజుకోసారి మూత కాస్త వదులు చేసి గ్యాస్ పోనివ్వండి. గాజు సీసా వాడొద్దు, గ్యాస్ ఒత్తిడికి పగలొచ్చు. మూడు నాలుగు వారాలకి ముక్కలు కరిగి, తేనె రంగు ద్రవం తయారవుతుంది. వాసన తియ్యపులుపుగా మారాలి. ఇంకా కుళ్లు వాసనే ఉంటే బెల్లం చాలలేదన్నమాట, మరికాస్త కలిపి వారం ఆగండి. గుడ్డలో వడగట్టి, లీటరు నీటికి 5 మిల్లీలీటర్లు కలిపి, పదిహేను రోజులకోసారి సాయంత్రం వేళ మొదట్లో పోయండి. డోసు పెంచితే ఆకు మాడుతుంది.

ఎండుచేపల తలలు, తోకలు మాత్రం దేనికీ వాడొద్దు, నిండా ఉప్పే.

పూజ పూలు, చవితి పత్రి

బంతి, చామంతి త్వరగా చివుకుతాయి. దారాలు, జరీ, కుంకుమ పొట్లాలు తీసేయండి. వినాయక చవితి మర్నాడు పత్రి, పూలు, పండ్లు కలిపి ఒక ఇంటికే బకెట్ సగం నిండుతుంది. అపార్ట్‌మెంట్‌లో నలుగురు కలిస్తే ఒక డ్రమ్ము నిండుతుంది. సరిగ్గా వానల రోజులు కాబట్టి దాచిన ఎండుటాకు అప్పుడే బయటికి తీయాలి. రంగులు వేయని మట్టి విగ్రహాన్ని ఇంట్లోనే బకెట్ నీళ్లలో నిమజ్జనం చేస్తే, ఆ మట్టిని కొద్దికొద్దిగా కుండీల మిశ్రమంలో కలుపుకోవచ్చు. బంకమట్టి కాబట్టి ఒకే కుండీలో పోయకండి.

నీళ్లు

ఏసీ నుంచి కారే నీళ్లలో లవణాలు దాదాపు ఉండవు. మన ఉక్కపోత రోజుల్లో ఒక ఏసీకి బకెట్ దాకా వస్తాయి, పట్టుకుని నిశ్చింతగా పోయండి. ఆర్వో ఫిల్టరు వదిలేసే నీళ్ల సంగతి వేరు. మంచినీటి నుంచి తీసేసిన ఉప్పులన్నీ వాటిలోనే ఉంటాయి. బోరు నీటికి ఆర్వో పెట్టుకున్న ఇళ్లలో ఇంకా ఎక్కువ. రోజూ పోస్తే కుండీ అంచున తెల్లటి పొర కడుతుంది, ఆకుల కొనలు గోధుమ రంగుకి తిరిగి ఎండుతాయి. వాటిని ఇల్లు తుడవడానికి వాడండి. ఇప్పటికే అలా అయిన కుండీని జోరు వానలో పెట్టి అడుగు నుంచి నీరు బాగా కారనివ్వండి, ఉప్పు కొంత కొట్టుకుపోతుంది. సర్ఫు నీళ్లు కూరగాయల మొక్కలకి వద్దు.

కుండీలకి బదులు ఏం వాడొచ్చు

చేపలు, రొయ్యలు మంచులో వచ్చే థర్మోకోల్ పెట్టెలు ఆకుకూరలకి చాలా అనువు, తేలిక, వేళ్లకి వేడి తగలదు. మార్కెట్లో అంచు విరిగినవి పారేస్తుంటారు. తెచ్చాక రెండుసార్లు కడిగి ఎండబెట్టండి. రంధ్రాలు అడుగున కాకుండా పక్క గోడకి అంగుళం ఎత్తులో పెడితే కాస్త నీరు నిలిచి మే నెలలో మొక్కని కాపాడుతుంది. ఎండకి థర్మోకోల్ పొడిపొడిగా రాలి గాలికి ఎగురుతుంది కాబట్టి బయట గోనెసంచి చుట్టండి, పాడైతే పొడి చెత్తలో ఇచ్చేయండి.

ముతక ప్లాస్టిక్ బియ్యం సంచుల్లో కంద, పసుపు, అల్లం బాగా ఊరతాయి. పగిలిన 20 లీటర్ల నీళ్ల టిన్ను సగానికి కోస్తే రెండు తొట్లు. పాత నైలాన్ చీర పొడవుగా చింపి అల్లితే బీర, కాకర పాదులకి పందిరి అవుతుంది. పాత కాటన్ చీర మే నెల మధ్యాహ్నం మొక్కలకి నీడ పరదా.

తడిసిన మట్టి బరువు తక్కువ అంచనా వేయకండి. 20 లీటర్ల బకెట్ నిండా మట్టి పోసి తడిపితే 30 కిలోలు దాటవచ్చు. బరువైనవి డాబా మధ్యలో కాకుండా కింద దూలం ఉన్న గోడల వెంట పెట్టండి, ప్రతిదీ ఇటుకల మీద ఎత్తండి, లేకపోతే స్లాబు చెమ్మెక్కుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు డాబాల మీదవి ఎలా ఎగిరిపోయాయో ఈ ఊరు మరిచిపోలేదు. తుఫాను హెచ్చరిక రాగానే పిట్టగోడ మీదవన్నీ కిందికి దించండి, థర్మోకోల్ పెట్టెల్ని గది లోపల పెట్టండి, కంపోస్ట్ బకెట్ల మూతలకి తాడు కట్టండి. తుఫాను వెళ్లాక, సముద్రానికి దగ్గరగా ఉన్న ఇళ్లవాళ్లు ఆకుల మీద పేరుకున్న ఉప్పుని మంచినీళ్లతో కడగాలి.

ఎప్పుడు మొదలుపెట్టాలి

ఫిబ్రవరిలో ఆకులు దాచి, మార్చిలో మొదటి బకెట్ నింపడం మొదలుపెడితే జూన్‌లో బెండ, బీర, ఆనప గింజలు వేసే సమయానికి ఎరువు చేతికొస్తుంది. జులైలో నింపింది అక్టోబరులో టమాటా, వంగ, చిక్కుడుకి సరిపోతుంది. మిగిలితే నీడలో కాస్త ఆరబెట్టి, గాలాడే గోనెసంచిలో కొద్దిపాటి తేమతో దాచుకోండి, ఆరు నెలలు బాగుంటుంది. మొక్కలు పెంచే చోటే లేనివాళ్లు కూడా బకెట్ పెట్టొచ్చు. మన ఇళ్ల చెత్తలో సగం దాకా తడి చెత్తే, అది పొడి చెత్తతో కలిసి కాపులుప్పాడలోని నగర చెత్త యార్డుకి చేరితే ఎరువుగా పనికిరాదు. తయారైన ఎరువుని మీ వీధి చెట్ల మొదట్లో వేయండి. బకెట్లో వేయలేనిదాన్ని తడి, పొడి వేరు చేసి జీవీఎంసీ (నగరపాలక సంస్థ) బండికి ఇవ్వండి.